తిత్తి ఊదిన పిల్లవాడు



గడచిన జూలై మాసములో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా సంఘములోని ఒక యౌవనస్థుడు మా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. "అయ్యగారండీ, రాత్రి టీవీలో చూచాను. ఫ్రాన్సు దేశములో పెద్ద పెద్ద కొండల మీద సైకిలు పందెము జరుగుతున్నది. మన చెరువు కట్ట ఎక్కాలంటేనే నేను దిగి నడిపించుకొంటాను. వాళ్లు ఎట్లా ఎక్కుతారండీ?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు అప్పటికి మా దగ్గర జవాబు లేదు. తెలిసికొని చెబుతామని పంపించాము. తరువాత ఆ పందెము చరిత్ర చదువుతూ పోగా, వంద సంవత్సరముల క్రిందటి ఒక మనిషి కథ దగ్గర ఆగిపోయాము. గెలిచినవాని కథ కాదు అది. ఆయన ఆ పందెమును ఎన్నడూ గెలువలేదు. అయినను ఆయన కథను మీకు చెప్పకుండ ఉండలేకపోతున్నాము. దానికి ముందు మా సంగతి ఒకటి చెప్పవలెను.

మా పాత సైకిలు

పరిచర్యకు వచ్చిన క్రొత్తలో మాకు నాలుగు గ్రామములు అప్పగించారు. తిరుగుటకు ఉన్నది ఒక పాత సైకిలు. ఒకనాటి సాయంకాలము దూరపు ఊరిలో ప్రార్థన ముగించుకొని వస్తూ ఉండగా చైను తెగింది. ఇల్లు ఇంకా ఆరు కిలోమీటర్లు ఉన్నది. దారిలో రెండు పల్లెలు ఉన్నవి. అరుగుల మీద కూర్చున్నవారు చూస్తూనే ఉన్నారు. ఎవరినైన అడిగితే సాయము చేసేవారే. కాని పాస్టరు గారు సైకిలు నడిపించుకొంటూ వచ్చి అడిగారని అనుకొంటారేమో అని మాకు బిడియము. తల వంచుకొని ఆ రెండు ఊళ్లూ దాటి చీకట్లో ఇల్లు చేరుకొన్నాము.

మరునాడు సైకిలు బాగుచేసే పెద్దాయన చైను చూచి, "నిన్న మా ఇంటి ముందు నుంచే పోయారటగా పాస్టరు గారూ. మా ఆడవాళ్లు చెప్పారు. ఒక్క కేక వేస్తే నేను బయటకు రానా? ఇది పది నిమిషాల పని" అన్నాడు. పది నిమిషముల పనికి మేము ఆరు కిలోమీటర్లు నడిచాము. దానిని ఓర్పు అనుకొన్నాము. అది ఓర్పు కాదని తెలియుటకు మాకు చాలా సంవత్సరములు పట్టింది.

కొండల మీదికి పందెము

ఇక ఆ యౌవనస్థుడు చూచిన పందెము సంగతి. దాని పేరు టూర్ డి ఫ్రాన్స్. 1903వ సంవత్సరములో లోటో అనే ఒక వార్తాపత్రిక తన అమ్మకము పెంచుకొనుటకు దీనిని మొదలుపెట్టింది. ఆ పత్రిక సంపాదకుడు హెన్రీ దెగ్రాంజ్ చాలా కఠినమైన మనిషి. ఆ మొదటి ఏట 60 మంది బయలుదేరగా 21 మంది మాత్రమే చివరి వరకు వచ్చారు. అప్పటికి పెద్ద కొండలు ఇంకా లేవు.

1910లో ఫ్రాన్సుకు, స్పెయిను దేశమునకు మధ్యనున్న పిరనీస్ పర్వతముల మీదుగా పందెము నడపాలని తలంచారు. దారి చూచి రమ్మని ఆల్ఫోన్స్ స్టైనెస్ అనే ఉద్యోగిని పంపారు. తూర్మలే అనే కనుమ దగ్గర ఆయన ఎక్కిన కారు మంచులో చిక్కుకొన్నది. దిగి నడక మొదలుపెట్టి, చీకటిలో దారి తప్పి, చావు తప్పి, ఎట్లో అవతలి ఊరు చేరుకొన్నాడు. తెల్లవారిన తరువాత పత్రిక కార్యాలయమునకు ఆయన పంపిన తంతి ఏమిటో తెలుసా? దారి బాగున్నది, పోవచ్చును అని! ఆ ఏడాది పందెములో ఆ కొండలు ఎక్కి వచ్చిన ఒక్తావ్ లాపీజ్ అనే రౌతు నిర్వాహకుల ముఖము మీదనే మీరు హంతకులని తిట్టాడు. అట్లు తిట్టినవాడే ఆ ఏడాది పందెము గెలిచాడు.

తూర్మలే కనుమ సముద్రమట్టమునకు 2,115 మీటర్ల ఎత్తున ఉన్నది. మన అరకు ఎత్తుకు రెండింతల పైమాటే. సెంట్ మరీ ద కాంపాన్ అనే చిన్న ఊరినుండి ఆ కనుమకు 17 కిలోమీటర్ల దూరము. ఆ 17 కిలోమీటర్లూ ఎక్కుడే. ఆ రోజులలో తారు రోడ్డు లేదు. గులక రాళ్లు, దుమ్ము, వాన పడితే బురద. సైకిలుకు ఇప్పటివలె గేర్లు లేవు. వెనుక చక్రమునకు రెండు ప్రక్కల రెండు రకముల పళ్ల చక్రములు ఉండేవి. కొండ వచ్చినప్పుడు దిగి, చక్రము ఊడదీసి, త్రిప్పి బిగించుకొని మరల ఎక్కవలెను. తొక్కుచుండగానే గేరు మార్చే సాధనమును ఈ పందెములో 1937 వరకు అనుమతించలేదు.

వీటన్నిటికంటె కఠినమైన నియమము మరొకటి ఉండెను. దారిలో సైకిలు పాడైతే దానిని నడిపేవాడే బాగుచేసికోవలెను. మరొకరి చేయి తగలకూడదు. మరొక సైకిలు తీసికొనకూడదు. తగిలితే శిక్ష. నియమము జరుగుతున్నదో లేదో చూచుటకు అధికారులు కార్లలో వెంట ఉండేవారు.

తాళములు చేసే కుర్రవాడు

మేము చెప్పబోయే మనిషి పేరు యూజీన్ క్రిస్తోఫ్. 1885లో పారిస్ నగరము ప్రక్కన మాలకోఫ్ అనే చోట పుట్టాడు. సైకిలు పందెములకు రాక ముందు తాళములు చేసే పనివాడు. ఇనుమును కాల్చుట, కొట్టుట, ఆకురాయి పట్టుట చేతనైనవాడు. ఈ సంగతి మనస్సులో ఉంచుకొనండి.

1910 ఏప్రిల్ 3వ తేదీన ఇటలీ దేశములో మిలాన్ నుండి సాన్ రెమోకు జరిగిన పందెములో ఆయన పాల్గొన్నాడు. నడుమ ఒక కనుమ దాటవలెను. ఆ రోజున అక్కడ మంచు కురిసింది. చేతులు కాళ్లు కొయ్యబారి, ముందుకు పోలేక దారిప్రక్కన చతికిలబడిపోయాడు. ఒక మనిషి చూచి దగ్గరలోనున్న సత్రములోనికి తీసికొనిపోయాడు. తడి బట్టలు విప్పించి, దుప్పటి కప్పి, వెచ్చగా కూర్చుండబెట్టారు. కొంత తేరుకొనగానే మరల మంచులోనికి వెళ్లి ఆ పందెము గెలిచాడు. చివరకు లెక్కలోనికి వచ్చినవారు నలుగురే. ఆ చలి దెబ్బకు ఆయన నెల రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. మునుపటి ఆరోగ్యము రావడానికి రెండేండ్లు పట్టింది.

ఆ సత్రము వారు లోపలికి పిలువకపోయి ఉంటే ఆయన పందెము గెలుచుట అటుంచి, ప్రాణముతో ఉండేవాడా? గెలిచినవారి పట్టికలో ఆ సత్రము వారి పేరు ఉండదు.

తూర్మలే మీద

1913 జూలై 9వ తేదీ. టూర్ డి ఫ్రాన్స్‌లో ఆరవ దినపు ప్రయాణము. బయోన్ నుండి లూషోన్ వరకు 326 కిలోమీటర్లు, ఒకే రోజున. మనము విజయవాడనుండి బయలుదేరి విశాఖపట్నము దరిదాపులకు పోవుటతో సమానము. కాని అది సమతలమైన దారి కాదు, నాలుగు పెద్ద కనుమలు దాటవలెను. ఇంకా తెల్లవారకముందే, చీకటిలోనే అందరూ బయలుదేరారు.

క్రిస్తోఫ్ ఆ రోజున ఎంతో బాగుగా తొక్కుతున్నాడు. అప్పటివరకు మొత్తము లెక్కలో ముందున్న రౌతు చాలా వెనుకబడిపోయాడు. క్రిస్తోఫ్ రెండవ స్థానములో ఉండెను గనుక ఇక మొదటి స్థానము ఆయనదే అన్నట్లున్నది. తూర్మలే పైకి ఎక్కి అవతలికి దిగుతున్నాడు. సెంట్ మరీ ద కాంపాన్ ఊరు ఇంకా పది కిలోమీటర్లు ఉన్నదనగా హ్యాండిలు చేతికి వింతగా తగిలింది. సైకిలు ఆపి చూచుకొంటే ఫోర్కు విరిగిపోయి ఉన్నది. ముందు చక్రమును రెండు ప్రక్కల పట్టుకొని నిలిపేదే ఫోర్కు. అది పోతే పంక్చరు వలె అంటు వేసి పోయేది కాదు. సైకిలు పనికిరాదు.

ఆయన అక్కడ నిలబడి కోపముతోను దుఃఖముతోను ఏడ్చినట్లు తరువాతి కాలములో తానే చెప్పుకొన్నాడు. వెనుకనున్నవారందరు ఒక్కొక్కరే దాటి దిగిపోతున్నారు. ఎవరూ ఆగరు. ఆగి సాయము చేయుటకు నియమము ఒప్పుకొనదు.

కొంతసేపటికి ఆయన సైకిలును భుజము మీద వేసికొని, చక్రము ఒక చేత పట్టుకొని నడక సాగించాడు. పది కిలోమీటర్లకు పైగా ఆ విధముగా దిగాడు. ఊరు చేరి కమ్మరి కొలిమి ఎక్కడ ఉన్నదని అడిగాడు. ఒక చిన్నపిల్ల ఆయనను వెంటబెట్టుకొని ఊరి చివరనున్న కొలిమి దగ్గరకు తీసికొనిపోయింది. కమ్మరి మంచివాడు, బాగుచేసి పెడతానన్నాడు. కాని పందెము అధికారులు అక్కడనే నిలబడి ఉన్నారు. కమ్మరి చేయి పెట్టకూడదు. పనిముట్లు వాడుకోవచ్చును, దారి చెప్పవచ్చును, అంతే.

అప్పుడు ఆ పాత తాళముల పనివాడు చొక్కా చేతులు మడిచి కొలిమి ముందు నిలబడ్డాడు. ఇనుము కాల్చాడు. దాగలి మీద పెట్టి సుత్తితో కొట్టాడు. అతుకు అతికాడు, రంధ్రము చేశాడు. సుమారు మూడు గంటల పని. ఆకలి వేసి అధికారులలో ఒకరు ఏమైన తిని వస్తానంటే, క్రిస్తోఫ్ ఒప్పుకొనలేదని, ఆకలైతే బొగ్గులు తినమన్నాడని చెప్పుకొంటారు. నన్ను ఖైదీని చేశారు గనుక మీరూ కదలకూడదని ఆయన భావము.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. మన ఊళ్లలో కొలిమి పని చూచినవారికి ఇది వెంటనే తెలుస్తుంది. ఒక చేతితో పట్టకారు, ఒక చేతితో సుత్తి. మరి తిత్తి ఎవరు ఊదాలి? గాలి లేకపోతే నిప్పు చల్లారుతుంది, నిప్పు చల్లారితే ఇనుము బిగుసుకొనిపోతుంది. మనిషికి మూడవ చేయి లేదు. కొలిమి దగ్గర ఉన్న ఒక చిన్న పిల్లవాడు తిత్తి ఊదాడు.

అధికారులు అది వ్రాసికొన్నారు. ఇతరుల సాయము పొందినందుకు పది నిమిషములు శిక్ష వేశారు. తరువాత దానిని మూడు నిమిషములకు తగ్గించారు. నాలుగు గంటలు పోగొట్టుకొన్నవానికి పది నిమిషములైన ఒకటే, మూడు నిమిషములైన ఒకటే. కాని ఆ పుస్తకములో పిల్లవాని దయ నేరముగా వ్రాయబడింది.

క్రిస్తోఫ్ ఫోర్కు బిగించుకొని మరల సైకిలు ఎక్కాడు. ఇంకా రెండు కనుమలు, సుమారు 60 కిలోమీటర్లు మిగిలి ఉన్నవి. అవీ దాటి లూషోన్ చేరాడు. పందెము మానలేదు. ఆ నెలాఖరున పారిస్ చేరుసరికి మొత్తము మీద ఏడవవాడుగా నిలిచాడు. మొదటి బహుమతి ఫిలిప్ తీస్ అనే బెల్జియము దేశస్థునికి దక్కింది.

మరల విరిగిన ఫోర్కు

తరువాత మొదటి ప్రపంచ యుద్ధము వచ్చింది. ఈ పందెము గెలిచినవారిలో ముగ్గురు, ఫాబేర్, పెతి బ్రెతోన్, కొండల మీద తిట్టిన లాపీజ్, ఆ యుద్ధ కాలములోనే చనిపోయారు. 1919లో పందెము మరల మొదలైనప్పుడు 67 మంది బయలుదేరగా చివరకు లెక్కలో నిలిచినవారు పదిమందే. పందెములో ముందున్నవాడు జనులకు తెలియునట్లు పసుపు పచ్చని చొక్కా ఇచ్చే అలవాటు ఆ సంవత్సరమే ఆరంభమైంది. దానిని మొదట తొడిగికొన్నవాడు మన క్రిస్తోఫే. జూలై 19వ తేదీన గ్రెనోబుల్ పట్టణములో ఇచ్చారు. అప్పటికి ఆయనకు 34 ఏండ్లు.

చివరినుండి రెండవ రోజు. 468 కిలోమీటర్ల ప్రయాణము. రెండవ స్థానములోనున్న ఫిర్మిన్ లాంబో కంటె ఆయన సుమారు 28 నిమిషములు ముందున్నాడు. ఇక గెలుపు చేతికి వచ్చినట్లే. వలెన్సియెన్ పట్టణము దగ్గర ఫోర్కు మరల విరిగింది! మరల తానే బాగుచేసికొన్నాడు. గంటకు పైగా పోయింది. పందెము లాంబో గెలిచాడు, క్రిస్తోఫ్ మూడవవాడైనాడు.

అయితే ఈసారి ఒక సంగతి జరిగింది. ఫ్రాన్సు జనులు ఊరకుండలేకపోయారు. ఆయన కొరకు చందాలు మొదలైనవి. పేదవారు, ధనవంతులు, ఎవరికి తోచినంత వారు పంపించారు. ఇచ్చినవారి పేర్లు పత్రికలో వరుసగా అచ్చువేశారు. లెక్క చూస్తే ఆ సొమ్ము గెలిచినవానికి వచ్చిన మొదటి బహుమతి కంటె ఎక్కువైనది. యుద్ధములో బిడ్డలను పోగొట్టుకొని, ఇండ్లు కూలి, తామే బీదతనములో ఉన్న జనులు అట్లు పంపారు. తిత్తి ఊదిన పిల్లవానికి శిక్ష వేసిన పందెములోనే, ఈసారి దేశమంతా వచ్చి తిత్తి ఊదినట్లయింది.

1922లో గాలిబియే అనే మరొక పర్వతము మీద ఆయన ఫోర్కు మూడవసారి విరిగింది. అప్పుడు కూడ పందెము విడువక చివరి వరకు వచ్చాడు. మొత్తము పదకొండు సార్లు ఈ పందెమునకు బయలుదేరి, ఎనిమిది సార్లు చివరి వరకు చేరి, ఒక్కసారి కూడ గెలువలేదు. 1970లో 85 ఏండ్ల వయస్సులో మరణించాడు. సెంట్ మరీ ద కాంపాన్ గ్రామములో ఆయన పేరిట ఒక ఫలకము, ఒక విగ్రహము ఉన్నవి. విరిగిన ఫోర్కు సంగతి తెలియనివారు ఆ దారిన సైకిలు తొక్కేవారిలో అరుదు.

ఆ ఖాళీ చోటు

ఈ కథ చదివినప్పుడు మాకు మా సంఘములోని ఒక సహోదరుడు జ్ఞాపకము వచ్చాడు. ఆయన అనుమతితోనే, పేరు ఊరు చెప్పకుండ వ్రాస్తున్నాము.

ఆయన కౌలు రైతు. రెండేండ్లు వరుసగా మిరప పైరు దెబ్బతిన్నది. మొదటి ఏట తెగులు, రెండవ ఏట కోతకు వచ్చిన సమయములో వానలు. కౌలు కట్టాలి, మందుల కొట్లో బాకీ కట్టాలి. వడ్డీకి తెచ్చిన దానికి మరల వడ్డీకి తెచ్చాడు. ఇంట్లో భార్యకు సగము తెలుసు, సగము తెలియదు. ఆదివారము గుడికి వచ్చుట మానుకొన్నాడు. ఎందుకంటే కానుక పళ్లెము తన ముందుకు వచ్చినప్పుడు చేయి ఖాళీగా చాచలేడు.

ఏడు ఆదివారములు ఆ చోటు ఖాళీగా ఉన్నది. మేము చూచాము. పెద్దలతో ఏదో మాట పట్టింపు వచ్చి ఉంటుందిలే, తానే వస్తాడులే అనుకొన్నాము. ఈ మాట వ్రాయుటకు సిగ్గుగా ఉన్నది, అయినను వ్రాస్తున్నాము. తూర్మలే మీద ఆగకుండ దాటి దిగిపోయినవారికి నియమము అడ్డమున్నది. మాకు ఏ నియమము అడ్డమున్నది?

ఎనిమిదవ వారములో ఒక తెల్లవారుజామున ఆయన భార్య మా వాకిట నిలబడి, "అమ్మగారూ, రాత్రంతా ఆయన పడుకోలేదు. పొలము గట్టు మీదనే కూర్చున్నాడు. నాకు భయముగా ఉంది" అని మా ఇంట్లో చెప్పి ఏడ్చింది. ఆ రాత్రి ఆయన మనస్సులో ఏమున్నదో మేము ఇక్కడ వ్రాయము. మీరు గ్రహించగలరు. మన జిల్లాలలో అట్టి రాత్రులు ఎన్ని ఇండ్లను చీకటి చేసినవో మీకు తెలుసు.

పొలానికి వెళ్లి ఆయన ప్రక్కన గట్టు మీద కూర్చున్నాము. "ఎందుకు చెప్పలేదు అన్నా?" అని అడిగితే, "చెప్పి ఏమి చేయాలండీ అయ్యగారూ? ఎవరి బరువు వాళ్లే మోసుకోవాలి గదా. అడిగితే చులకన" అన్నాడు. అరుగుల ముందు తల వంచుకొని సైకిలు నడిపించిన మా మాటే ఆయన నోట విన్నట్లయింది.

ఆ దినమే ఆయనను ఇంటికి తీసికొనివచ్చాము. అన్నము తినిన తరువాత, ఎవరెవరికి ఎంత ఇవ్వాలో భార్య ముందరనే ఒక కాగితము మీద వ్రాయించాము. మొత్తము చూచి ఆమె ఏడ్వలేదు. "ఇంతేనా? నేను ఇంకా ఎంతో అనుకొన్నాను" అన్నది. చీకటిలో అప్పు ఉన్నదానికంటె పెద్దగా కనబడుతుంది.

తరువాత పెద్దలలో బ్యాంకు వ్యవహారము తెలిసిన ఒకాయన ఆయనను వెంటబెట్టుకొని బ్యాంకుకు తిరిగాడు. మరొకరు వడ్డీ ఇచ్చిన ఆసామి దగ్గర కూర్చుని గడువు మాట్లాడాడు. ఒక సహోదరుడు తన ట్రాక్టరుతో దుక్కి దున్ని, కూలి పంట వచ్చిన తరువాత తీసికొంటానన్నాడు. స్త్రీల సమాజము వారు పిడికెడు బియ్యము కుండలో నుండి మూడు నెలలు బియ్యము పంపారు. అప్పు తీరిపోయినదా అంటే, లేదు. ఇంకా కొంత ఉన్నది. ఆ పొలము ఆయనే దున్నుతున్నాడు, ఆ కంతులు ఆయనే కడుతున్నాడు. ఇనుము కొట్టవలసిన చేయి ఆయనదే. కాని తిత్తి దగ్గర ఇప్పుడు మనుష్యులు ఉన్నారు. ఆదివారము నాడు ఆ చోటు ఖాళీగా లేదు.

పౌలు భక్తుడు గలతీయులకు వ్రాసిన పత్రికలో ఆరవ అధ్యాయము తెరచి చూడండి. ఒకరి భారము నొకరు భరించుటను గూర్చియు, ఎవని బరువు వాడే మోయుటను గూర్చియు మూడు వచనముల ఎడములోనే రెండు మాటలు ఉన్నవి. ఇవి ఒకదానికొకటి విరోధముగా ఉన్నవేమి అని మేము వేదాంత పాఠశాలలో చదువుకొనే రోజులలో వాదించుకొన్నాము. కొలిమి ముందు నిలబడిన మనిషిని, తిత్తి దగ్గరి పిల్లవానిని కలిపి చూచినప్పుడు ఆ వాదము మాకు తీరిపోయింది.

నేటి పందెము

మా యౌవనస్థుని ప్రశ్నకు జవాబు బాకీ ఉన్నది గదా. మరల వచ్చినప్పుడు చెప్పాము. నేటి సైకిళ్లు తేలిక, గేర్లు ఎన్నో, దారి తారు రోడ్డు. అవి సగము కారణము. మిగిలిన సగము ఏమనగా, నేడు ఒంటరిగా ఎవరూ ఎక్కుటలేదు. ఒక్కొక్క జట్టులో ఎనిమిది మంది. పెద్ద రౌతుకు గాలి తగులకుండ ముందు కొందరు తొక్కుతారు. నీళ్ల సీసాలు మోసుకొని వచ్చి ఇచ్చేవారు కొందరు. చక్రము పోతే తన చక్రము ఊడదీసి ఇచ్చేవారు కూడ ఉంటారు. వెనుక కారులో వేరే సైకిళ్లు సిద్ధముగా ఉంటవి. పారిస్‌లో పసుపు చొక్కాతో నిలబడేవాడు ఒక్కడే గాని, బహుమతి సొమ్ము జట్టువారితో పంచుకొనుట వారి ఆనవాయితీ. ఒంటరిగా బాగుచేసికోవలెనన్న పాత నియమమును పందెము వారే క్రమముగా విడిచిపెట్టారు. సామాన్య జనులు కూడ ఆ కొండలు ఎక్కి చూడవలెనని 1993 నుండి ఏటేటా వారి కొరకు ఒక రోజు ప్రయాణము నడుపుతున్నారు. వేలమంది వచ్చి ఎక్కుతారు.

ఆ కుర్రవాడు కొంతసేపు ఆలోచించి, "అయితే అయ్యగారండీ, క్రిస్తోఫ్ గారికి ఇప్పటి నియమాలు ఉండి ఉంటే గెలిచేవాడే గదా?" అన్నాడు. గెలిచేవాడేమో. కాని పాత నియమము పందెములో పోయినది గాని, మన ఇండ్లలో ఇంకా పోలేదు. పరీక్ష తప్పిన పిల్లవాడు తండ్రికి చెప్పడు. రొమ్ములో గడ్డ చేతికి తగిలిన తల్లి ఆరు నెలలు బిడ్డలకు చెప్పదు. అత్తవారింట కష్టపడే కూతురు పండుగకు వచ్చి నవ్వుతూ తిరిగి పోతుంది. శిక్ష వేసే అధికారి ఎవరూ అక్కడ నిలబడి లేరు. అయినను పది నిమిషముల శిక్షకు భయపడినట్లు అందరమూ మూసుకొని కూర్చుంటాము.

కుటుంబముగా ఆలోచించండి

ఈ మాసములో ఒక రాత్రి భోజనముల తరువాత టీవీ ఆపి, పిల్లలతో కూడ కలిసి కూర్చుని ఈ మూడు సంగతులు మాట్లాడుకొనండి.

మన ఇంట్లో ఎవరైన విరిగిన ఫోర్కును భుజము మీద వేసికొని ఒంటరిగా నడుస్తున్నారా? అడిగి చూడండి. మొదటిసారి అడిగితే ఏమీ లేదనే అంటారు. రెండవసారి కూడ అడగండి.

మనము ఎవరికి చెప్పకుండ దాచిన బరువు ఏదైన ఉన్నదా? కాగితము మీద వ్రాయండి. ఇంట్లో ఒకరికైన చూపించండి.

గుడిలో గాని, వీధిలో గాని, కొన్ని వారములుగా కనబడని ముఖము ఏది? ఆయనే వస్తాడులే అని మావలె అనుకొనవద్దు. ఈ సాయంకాలమే వెళ్లండి. ఏమి చెప్పవలెనో తెలియకపోతే ఊరకనే ప్రక్కన కూర్చొనండి.

పెద్ద పనులు చేయుటకు అందరికీ బలము ఉండదు. అందరము కమ్మరులము కాలేము. కాని తిత్తి ఊదుట చిన్నపిల్లవానికి కూడ చేతనయ్యే పని.

వచ్చే నెల మరల కలిసికొందాము. అందాక మీ ఇండ్లలో సమాధానము ఉండును గాక.